నాన్న బట్టల షాపుకి గిరాకీ బాగా తగ్గింది, అందరూ ఫోన్‌లోనే కొంటున్నారు. మేం కూడా యాప్‌లో పెట్టాలా?

పల్నాడు_అబ్బాయి:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మాది సత్తెనపల్లి. మెయిన్ రోడ్డుకి కాస్త లోపలికి మా నాన్నకి చిన్న బట్టల షాపు ఉంది, నేను పుట్టక ముందు నుంచీ ఉంది. చీరలు, నైటీలు, లంగాలు, జాకెట్ ముక్కలు, పంచెలు, తువ్వాళ్లు, పిల్లల రెడీమేడ్, ఇదీ సరుకు. నాన్న నెలకి రెండు సార్లు విజయవాడ వస్త్రలత హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్లి తెస్తారు. నేను హైదరాబాద్‌లో జాబ్, పదిహేను రోజులకోసారి ఇంటికెళ్తా.

మొన్న శనివారం పొద్దున్నే షాపులో కూర్చున్నా. పదింటి నుంచి రెండింటి వరకు ఆరుగురు వచ్చారు. శనివారం ఆరుగురంటే మా షాపులో ఒకప్పుడు ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఆ ఆరుగురిలో ఇద్దరు ఫోన్ తీసి చూపించారు, ఇదే నైటీ ఇందులో 229 ఉంది మీరెంతకిస్తారు అని. నాన్న ఏం మాట్లాడకుండా మడత పెట్టేశారు. వాళ్లెళ్లాక ఒకే మాటన్నారు, "వచ్చినోళ్లు చీర చూట్టం లేదురా, ఫోన్ చూస్తన్నారు" అని.

ఇంకోటి కూడా చెప్పాలి. మా చెల్లి కాలేజీకెళ్తుంది, అది కూడా కుర్తీలు ఫోన్‌లోనే బుక్ చేస్తది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేకపోతే పార్సెల్ అబ్బాయి షాపుకి తెచ్చి ఇచ్చాడు. నాన్న డబ్బులు గల్లాలోంచి తీసి కట్టి సాయంత్రం తెచ్చి చెల్లికి ఇచ్చారు, ఏమీ అన్లేదు, సైజ్ సరిపోయిందా అమ్మా అని అడిగారంతే. చెల్లి ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. నాకు చెప్పేటప్పుడు కూడా ఏడ్చింది. తప్పు దానిది కాదు, దాని వయసుకి తగ్గ మోడల్స్ మా షాపులో ఉండవు, నాన్నకీ తెలుసు ఆ సంగతి.

ఇప్పుడు నా డౌట్ ఏంటంటే, మేం కూడా ఏదైనా యాప్‌లో సెల్లర్‌గా చేరితే లాభం ఉంటుందా, లేక రేట్లు తగ్గించేసి ఆ 229 కే ఇవ్వాలా, లేక వాట్సాప్‌లో పెడితే సరిపోతుందా. మా బాబాయ్ అయితే షాపు తీసేసి టిఫిన్ సెంటర్ పెట్టుకోమంటున్నాడు. నాన్నకి 58, ఈ వయసులో ఆయన్ని గల్లా మీద నుంచి లేపటం నాకిష్టం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కరీంనగర్_సెల్లర్:

తమ్ముడూ, నేను మూడేండ్ల నుంచి యాప్‌ల అమ్ముతున్న, నైటీలు, లెగ్గింగ్స్, పిల్లల బట్టలు. నాకు తెలిసింది చెప్త, తర్వాత నీ ఇష్టం.

ముందుగాల ఆ 229 మీద మనసు పెట్టకు. ఆ రేటుకి అమ్మేటోడు సూరత్‌ల గోడౌన్ పెట్టుకొని వేల పీసులు కుట్టించుకుంటడు, పీసుకి పది రూపాయలు మిగిలినా ఆయనకి చాలు. మీ నాన్న వస్త్రలత నుంచి తెచ్చిన సరుకుతోని ఆ రేటు కొట్టాలంటే చేతుల నుంచి పెట్టుకోవాలె. నేను మొదటి ఏడు గదే తప్పు చేసిన. కమీషన్ లేదు అన్నరు అని ఒక పెద్ద యాప్‌ల చేరిన, ఆర్డర్లు మస్తు వచ్చినయి, రోజుకి నలభై దాకా పోయినయి, ఇంట్ల అందరం కూసొని ప్యాకింగ్ చేసినం, నెల చివరికి లెక్క చూస్తే చేతిల ఏం లేదు. ఎందుకంటే రిటర్న్‌లు. బట్టల్లో రిటర్న్‌లు ఎక్కువ, సైజ్ చాలలేదు, రంగు ఫోటోల లెక్క లేదు, లేదంటే ఊరికెనే బుద్ధి పుట్టలేదు. కస్టమర్ రిటర్న్ పెడితే ఆ వాపస్ చార్జీ మన మీదనే పడ్తది. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లల్ల పార్సెల్ పోయినంక డోర్ తీయనోళ్లు కూడ ఉంటరు, గట్ల తిరిగొచ్చిన దాన్ని మేము ఆర్టీఓ అంటం. అది వచ్చే సరికి ఇరవై రోజులు అయితది, కవర్ చినిగి ఉంటది, పీస్ మళ్ల ఇస్త్రీ చేసి పెట్టాలె. కొన్నిసార్లు మనం పంపింది ఒకటి, వాపస్ వచ్చేది పాత బట్ట. అందుకే నేను ఇప్పుడు ప్యాక్ చేసేటప్పుడు ఒక వీడియో, రిటర్న్ విప్పేటప్పుడు ఒక వీడియో తీస్త, ఆ వీడియో లేకుంటే క్లెయిమ్ ఇయ్యరు.

ఇంక జీఎస్టీ సంగతి, ఇది మంచిగ చదువు. మీ నాన్న కాంపోజిషన్‌ల, అంటే చిన్న వ్యాపారులకి ఉండే సులువు జీఎస్టీ స్కీమ్‌ల ఉన్నడా అడుగు, చిన్న షాపులోళ్లు చాలామంది అండ్లనే ఉంటరు, టర్నోవర్ మీద 1 శాతం కట్టి ఊకుంటరు. కాంపోజిషన్‌ల ఉన్నోళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మొద్దు. యాప్‌ల ద్వారా అయితే 2023 అక్టోబర్ 1 నుంచి సొంత రాష్ట్రం లోపల అమ్మనిస్తున్నరు. అసలు రిజిస్ట్రేషనే లేని చిన్నోళ్లకి కూడ అదే తారీకు నుంచి రాష్ట్రం లోపల వరకు ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకొని యాప్‌ల అమ్మే వీలు ఇచ్చిన్రు. కానీ సత్తెనపల్లి నుంచి హైదరాబాద్‌కి పంపాలన్నా ఇప్పుడు అది వేరే రాష్ట్రమే గద, రెగ్యులర్ జీఎస్టీ ఉండాలె. వాట్సాప్‌ల అమ్మినా రూల్ గదే. చాలామందికి ఇది తెల్వక నోటీస్ వచ్చినంక పరేషాన్ అయితున్నరు. ముందు మీ ఆడిటర్‌ని కలువు.

నేను ఇప్పుడు 8 డిజైన్లు మాత్రమే పెట్టిన, అవి కూడ రిటర్న్ తక్కువ వచ్చేటివి, ఫ్రీ సైజ్ నైటీలు. గట్ల ఐతేనే నడుస్తున్నది.

వనజ_భీమవరం:

బాబూ నేను కొనేదాన్ని, కాబట్టి కొనేవాళ్ల వైపు నుంచి చెప్తాను, మీ నాన్నగారికి పనికొస్తుందేమో. మా ఊరు భీమవరం దగ్గర, టౌన్‌కి ఆటోలో అరగంట. నేను ఫోన్‌లో కొనడం మొదలుపెట్టింది రేటు కోసం కాదు. నాకు ఖాళీ దొరికేది రాత్రి పదిన్నరకి, పిల్లలు పడుకున్నాక. ఆ టైమ్‌కి ఏ షాపు తీసి ఉంటుంది చెప్పండి? ఇంకోటి ఏంటంటే షాపులో పాతిక చీరలు తీయించాక నచ్చలేదని లేచి రావాలంటే నాకు మొహమాటం, వాళ్ల మొహాలు మారిపోతాయి. ఫోన్‌లో రెండొందల చీరలు చూసి మూసేసినా ఎవరూ ఏమనుకోరు. లోపల వేసుకునే బట్టలైతే ఇక చెప్పక్కర్లేదు, మగవాళ్లు కౌంటర్‌లో ఉంటే సైజ్ చెప్పాలంటే ప్రాణం పోయేది, చిన్నప్పటి నుంచి అమ్మ తెచ్చినవే వేసుకునేవాళ్లం, సరిపోయినా సరిపోకపోయినా. ఆ ఇబ్బంది నాకు ఫోన్ వచ్చాకే తీరింది, ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా. మీ షాపులో మీ అమ్మగారిని గానీ ఎవరైనా అమ్మాయిని గానీ కూర్చోబెడితే ఆ సరుకు ఒక్కటే మీకు బోలెడు గిరాకీ తెస్తుంది.

మా అత్తయ్యది ఇంకో కథ. లాక్‌డౌన్‌లో మా బాబు ఆన్‌లైన్ క్లాసుల కోసం ట్యాబ్ కొన్నాం, స్కూళ్లు తెరిచాక అది ఆవిడ చేతికి వెళ్లింది. ఆవిడకి ఫోన్‌లో బొమ్మ ఆనదు, ట్యాబ్‌లో అయితే అంచు, బుటా అన్నీ వేళ్లతో పెద్దవి చేసుకుని చూస్తారు. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ 2020లో తెలుగులోకి వచ్చాయి, అప్పటినుంచి ఆవిడ నన్ను అడగడం మానేసి తనే చదువుకుంటున్నారు. కానీ చూడటం ట్యాబ్‌లో, కొనడం మాత్రం షాపులోనే! పట్టు చీర ముట్టుకోకుండా ఎలా కొంటారే అంటారు. పెళ్లికి పెట్టుబడి చీరలు పది పదిహేను కావాలన్నా మేం షాపుకే వెళ్తాం, ఎందుకంటే అన్నీ ఒకేసారి చూసి, బేరమాడి, మిగిలినవి వెనక్కి ఇచ్చేయొచ్చు. ఫాల్, పీకో వాళ్లే చేయించి ఇస్తారు. ఏ యాప్ చేస్తుంది ఆ పని?

మోసపోయిన సంగతి కూడా చెప్తా. ఒక పేజీలో రీల్ చూసి ఇకత్ పట్టు అన్నారని 1400 ముందే పంపించాను, వచ్చింది ప్రింట్ వేసిన పాలిస్టర్. మెసేజ్ పెడితే బ్లాక్ చేశారు. అప్పుడు తెలీదు గానీ ఇలాంటివాటికి 1915 కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. యాప్‌లో ఐతే 2020 రూల్స్ ప్రకారం మన ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇంకా కొన్నిచోట్ల "ఇంకా 5 నిమిషాలే" అని గడియారం తిప్పుతారు చూడండి, అది చూసి కంగారుపడి ఎన్ని కొన్నానో. అలాంటి అబద్ధపు తొందర పెట్టకూడదని 2023 నవంబర్‌లో కేంద్రం గైడ్‌లైన్స్ కూడా ఇచ్చింది. ఇప్పుడు నేను కార్ట్‌లో పెట్టి ఒక రాత్రి ఆగుతాను, తెల్లారి చూస్తే సగం తీసేస్తాను.

బెంగళూరు_తెలుగోడు:

పైన అందరూ బాగా చెప్పారు, నేను వెనకటి సంగతి కొంచెం చెప్తా ఎందుకంటే ఇది ఎటు పోతుందో దానివల్ల అర్థమవుతుంది. నేను చాలా ఏళ్లు ఈ ఆన్‌లైన్ అమ్మకాల ఫీల్డ్‌లోనే పని చేశా. 2015 మేలో బట్టలు అమ్మే మింత్రా తన వెబ్‌సైట్ పూర్తిగా మూసేసి యాప్‌లో మాత్రమే కొనాలి అంది. అందరూ ఫోన్‌కే వచ్చేస్తారు కంప్యూటర్ ఎందుకు అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి 2016 జూన్‌లో మళ్లీ వెబ్‌సైట్ తెరిచారు. అంటే జనాన్ని ఫోన్‌లోకి బలవంతంగా తోస్తే రాలేదు. అదే 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది, డేటా ఫ్రీ అన్నారు, అప్పటిదాకా నెలకి ఒక జీబీ పొదుపుగా వాడుకున్న ఇళ్లల్లో రాత్రంతా వీడియోలు నడిచాయి. రెండు నెలలకి నోట్ల రద్దు, ఆ తర్వాత యూపీఐ అలవాటు. వీటన్నిటికంటే ముందు 2010లోనే ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ పెట్టింది, కార్డ్ లేనివాళ్లకి, నమ్మకం లేనివాళ్లకి అదే తలుపు తీసింది. ఇవన్నీ కలిస్తేగానీ సత్తెనపల్లిలో మీ షాపు దాకా రాలేదు ఆ 229 నైటీ.

అందుకే నా మాట ఏంటంటే బ్రో, జనం ఫోన్ చేతిలోంచి కింద పెట్టరు ఇక. వాళ్లు ఫోన్‌లో ఎందుకు చూస్తున్నారో ఆ కారణాలు పట్టుకోవాలి. పైన వనజ గారు చెప్పినవాటిలో రేటు ఎక్కడా లేదు గమనించారా, రాత్రి టైమ్, మొహమాటం లేకపోవడం, సిగ్గు పడక్కర్లేకపోవడం. ఈ మూడూ మీ నాన్నగారు వాట్సాప్‌తోనే ఇవ్వగలరు.

పార్సెల్_బాయ్_గుంటూరు:

అన్నా నేను డెలివరీ చేస్తా, గుంటూరు చుట్టుపక్కల ఊళ్లు. పీసుకి ఇంత అని ఇస్తారు మాకు, ఇంటికి తాళం ఉంటే ఆ ట్రిప్పు వేస్ట్. ఊళ్లల్లో అడ్రస్ అంటే రామాలయం పక్కన, వాటర్ ట్యాంక్ ఎదురు అనే ఉంటది, ఫోన్ ఎత్తకపోతే తిరగాల్సిందే. నేను మోసే సంచిలో సగం పైన బట్టలే ఉంటాయి, వెనక్కి తెచ్చే సంచిలో కూడా బట్టలే ఎక్కువ. ఆడవాళ్లు పార్సెల్ విప్పి చూసి ఇస్తాం అంటారు, అన్నిటికీ విప్పి చూపించే పర్మిషన్ మాకుండదు, అక్కడే గొడవ. చాలామంది నన్నడిగేది ఒకటే, సైజ్ మార్చి తెస్తావా తమ్ముడూ అని. మీ నాన్నగారు ఊళ్లోనే సైజ్ మార్చి ఇస్తాం అని చెప్తే జనం వస్తారు అన్నా, నేను రోజూ చూస్తున్నా కాబట్టి చెప్తున్నా.

పల్నాడు_అబ్బాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. కరీంనగర్ అన్నా, నాన్నని అడిగాను, మీరు చెప్పినట్టే కాంపోజిషన్‌లోనే ఉన్నారు. అంటే నా హైదరాబాద్ ఫ్రెండ్స్‌కి పంపుదాం అనుకున్న ప్లాన్ ప్రస్తుతానికి ఆగింది. వనజ గారూ మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను, అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ లోపల వేసుకునే బట్టల ర్యాక్ నేను చూసుకుంటా సాయంత్రాలు వస్తా అంది. వాట్సాప్ లో ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

మంగళగిరి_చీరలు:

మాది మంగళగిరిలో చేనేత కుటుంబం, నేనూ మా ఆయనా వాట్సాప్, యూట్యూబ్ లైవ్‌ల మీదే అమ్ముతాం. షాపు లేదు, ఇంటి ముందు గదే. నేను పాటించేవి చెప్తా.

వాట్సాప్ బిజినెస్ యాప్ వేరే సిమ్‌తో పెట్టుకోండి, నాన్నగారి సొంత నంబర్‌తో వద్దు, రాత్రి రెండింటికి కూడా మెసేజ్ వస్తుంది ఆయనకి నిద్రుండదు. కేటలాగ్‌లో రేటు రాసి పెట్టండి. "ప్రైస్ ఇన్‌బాక్స్" అని పెట్టకండి, నాకు తెలిసి సగం మంది అక్కడే వెళ్లిపోతారు. ఫోటో పగటి వెలుతురులో గుమ్మం దగ్గర తీయండి, ట్యూబ్‌లైట్ కింద మెంతి రంగు ఆవ రంగులా పడుతుంది, తర్వాత రంగు వేరు అని తిట్టించుకోవాలి. ఫిల్టర్ అస్సలు వేయొద్దు. చీర ఒక ఫోటో, అంచు దగ్గరగా ఒకటి, పమిట ఒకటి, జాకెట్ ముక్క ఉందో లేదో మాటల్లో. మరమగ్గం చీరయితే మరమగ్గం అనే రాయండి. మా నేత చీర నాలుగు వేలయితే దాని బొమ్మ తీసి అదే డిజైన్ ప్రింట్ వేసి ఆరొందలకి అమ్మేవాళ్లున్నారు. కొన్నవాళ్లకి చేనేత అంటే ఇంతేనా అనిపిస్తుంది, అది మా పొట్ట కొట్టినట్టే. చేనేత గుర్తు, పట్టుకి సిల్క్ మార్క్ ఉంటాయి, అవి చూసి కొనమని అందరికీ చెప్తూనే ఉంటా.

మీ టౌన్‌లో ఐతే నేనైతే ఇలా చేస్తా, కొత్త సరుకు రాగానే సాయంత్రం స్టేటస్‌లో పెట్టి, నచ్చినవి మూడు చీరలు పక్కన తీసి ఉంచుతాం రేపొచ్చి చూసుకోండి అని. చూడటం ఫోన్‌లో అయిపోతుంది, ముట్టుకోవడం షాపులో. పాత ఖాతాదారులకైతే ఇంటికే పంపండి, ఉంచుకున్నవాటికే డబ్బులు.

డబ్బుల దగ్గర మాత్రం జాగ్రత్త. స్క్రీన్‌షాట్ చూసి చీర ఇవ్వొద్దు, అకౌంట్‌లో పడిందో లేదో చూసుకోవాలి. మాకు ఒకసారి అలా 2800 పోయింది. ఇంకొకడు ఫోన్ చేసి బల్క్ ఆర్డర్ అని చెప్పి డబ్బు పంపుతా ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు, పిన్ కొడితే మనదే పోతుంది. ఈ ముక్క నాన్నగారికి రెండుసార్లు చెప్పండి. పొరపాటున పోతే వెంటనే 1930 కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

డాలస్_లక్ష్మి:

నేను అమెరికా నుంచి ఇలాంటి లైవ్‌ల్లోనే కొంటాను. ఇక్కడ రాత్రి అయితే అక్కడ పొద్దున. లైవ్‌లో ఆవిడ చీర విప్పి మన గుంటూరు యాసలో చెప్తుంటే మా అమ్మతో షాపుకెళ్లినట్టే ఉంటుంది నాకు, అందుకే చూస్తా, కొనకపోయినా చూస్తా. చీరలు మా తోడికోడలి ఇంటికి పంపిస్తారు, ఎవరైనా వచ్చేటప్పుడు తెస్తారు. మీ నాన్నగారిని కెమెరా ముందు మాట్లాడించండి, ముప్ఫై ఏళ్ల నుంచి బట్టలు అమ్మిన మనిషికి బట్ట గురించి ఎంత తెలుసుంటుందో, అది వినాలని మాలాంటివాళ్లకి ఉంటుంది.

పల్నాడు_అబ్బాయి:

నెల తర్వాత వచ్చి రాస్తున్నా, అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి. కొత్త సిమ్ తీసుకున్నాం. చెల్లి ఫోటోలు తీస్తుంది, గుమ్మం దగ్గరే, పొద్దున తొమ్మిదింటికి. మొదట్లో స్టేటస్ చూసింది 40 మంది, ఇప్పుడు 260 దాటింది, అందరూ మా ఊరూ చుట్టుపక్కల ఊళ్లే. యాప్‌లో చేరలేదు. గిరాకీ పాత రోజుల్లా అయిపోయిందని చెప్పను గానీ శ్రావణ శుక్రవారం ముందు రోజు రాత్రి పదకొండింటికి ఫిరంగిపురం నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టారు, ఆ ఆకుపచ్చ చీర తీసి ఉంచండి బాబాయ్ గారూ పొద్దున్నే వస్తా అని. నాన్న నిద్ర లేచి కళ్లజోడు పెట్టుకుని తనే టైప్ చేశారు, "ఉంచాను అమ్మా" అని. ఆ రెండు మాటలు కొట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది, చెల్లి సాయం చేస్తానన్నా ఫోన్ ఇవ్వలేదంట. అమ్మ ర్యాక్ కూడా నడుస్తుంది. చెల్లి చెప్పిన మోడల్ కుర్తీలు ఈసారి ఓ డజను తెచ్చారు, తొమ్మిది పోయాయి.

పెళ్లిళ్ల సీజన్ లోపు రెగ్యులర్ జీఎస్టీకి మారాలా వద్దా అని ఆడిటర్‌తో మాట్లాడుతున్నాం, మారితే హైదరాబాద్ పంపొచ్చు. అన్నట్టు పార్సెల్ కవర్లు చిల్లరగా కొంటే చాలా రేటు పడుతున్నాయి, విజయవాడలో హోల్‌సేల్‌గా ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా?

మంగళగిరి_చీరలు:

వన్‌టౌన్‌లో ప్యాకింగ్ సామాను అమ్మేచోట అడగండి, వంద కవర్ల కట్ట తీసుకోండి. చీరకి పది బై పద్నాలుగు అంగుళాల సైజు సరిపోతుంది. పట్టు చీరైతే లోపల పల్చటి అట్ట పెట్టి మడవండి, లేదంటే మడత దగ్గర జరీ విరుగుతుంది.